వాటంతటవే దిగిన అద్దాలు

మా వదినని ఈ వీధిలో అందరూ అద్దాలమ్మ అంటారు. ఆవిడ అద్దాలు అమ్మదు, అద్దంలో చూసుకునే తీరికా ఆవిడకి లేదు. కారు తలుపుల్లో ఎక్కి దిగే అద్దాలు మొరాయిస్తే బాగుచేస్తుంది. మిగతా షెడ్ల వాళ్ళు చేతులెత్తేసిన కార్లు చివరికి మా గుమ్మం ముందుకే వస్తాయి. నాది సుత్తి పని. సొట్టలు తీస్తాను, రంగు వేస్తాను. నేను కొట్టే చప్పుడికి పక్క వీధి కుక్కలు కూడా లేచిపోతాయి. వదిన పనికి మాత్రం చప్పుడు ఉండకూడదు. తలుపుకి చెవి ఆనించి, స్విచ్చి నొక్కి, లోపల మోటారు ఏమంటోందో వింటుంది. అప్పుడు నేను సుత్తి కింద పెట్టాలి. పెట్టకపోతే ఆవిడ ఏమీ అనదు, నా వంక చూస్తుంది. ఆ చూపు కన్నా నాలుగు తిట్లు నయం.

ఈ పని ఆవిడకి నేర్పింది మా అన్నయ్య. నేర్పిన తీరు వింటే మీకు ఆయన మీద కోపం రావచ్చు. పెళ్ళయిన కొత్తలో వదిన మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి, ఆయన తినేదాకా షెడ్డులో నిలబడి పని చూసేది. ఒకరోజు అన్నయ్య ఒక కారు చూపించి, "దీని అద్దం దిగట్లేదు, ఎందుకో చెప్పు చూద్దాం" అన్నాడు. అని, గోడ దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని, చేతులు చంకల్లో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు రోడ్డు వైపు చూడటం మొదలెట్టాడు. నిజానికి ఆ కారు నిక్షేపంగా ఉంది. ఆయనే ఫ్యూజు తీసి, దాని కాళ్ళకి పల్చటి ప్లాస్టిక్ ముక్క చుట్టి మళ్ళీ గుచ్చాడు. చూడటానికి ఫ్యూజు ఉన్నచోటే ఉంటుంది, కరెంటు మాత్రం పోదు. వదిన స్విచ్చి చూసింది, తీగలు చూసింది, చివరికి ఫ్యూజులన్నీ ఒక్కొక్కటే పీకి చూసి పట్టుకుంది. అన్నయ్య ఒక్క మాట అడిగాడు.

"ఎంతసేపు పట్టింది?"

"మీ అన్నం చల్లారేంత," అంది వదిన.

అప్పటినుంచి అదే వాళ్ళ ఆట. ఆయన రహస్యంగా ఏదో ఒకటి పాడుచేసేవాడు, ఆవిడ పట్టుకునేది, ఆయన ఎంతసేపు పట్టిందని అడిగేవాడు. మెచ్చుకోవడం లేదు, కసరడం లేదు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు సినిమాలకి వెళ్తారు, షికార్లకి వెళ్తారు. వీళ్ళు ఫ్యూజులు దాచుకుని ఆడుకున్నారు. నేనప్పుడు నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వు రాదు.

ఎనిమిది నెలల కిందట అన్నయ్య పొద్దున్నే షట్టరు ఎత్తుతూ ఎత్తుతూ కూలబడిపోయాడు. పక్షవాతం. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి, మాట పోయింది. కాలు కొంచెం తేరుకుంది, ఎవరైనా పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాడు. చెయ్యి మాత్రం ఉలకలేదు, పలకలేదు. షెడ్డు మీదే మావి రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాం, పడుకుని తల తిప్పితే కింద వాకిట్లో నిలబెట్టిన కార్లు కనిపించేలా.

మా షెడ్డుకి ఒక అలవాటు ఉంది. బాగుచేయడానికి వచ్చిన బండి తాళంచెవి ముందు షెడ్డు యజమాని చేతిలో పడాలి. అది పడితేగాని బండి మీద చెయ్యి వెయ్యం. మా నాన్న కాలం నుంచీ అంతే, బండి తిరిగి వెళ్ళేదాకా దానికి యజమానిదే పూచీ అని. అన్నయ్య మంచాన పడ్డాక కూడా వదిన ఆ అలవాటు మానలేదు. రోజూ పొద్దున ఇనప మెట్లెక్కి వెళ్ళి, ఆ కుడి అరచేతిలో తాళంచెవి పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే దాని మీద మూసి, ఎదురుగా కూర్చుని పది అంకెలు లెక్కపెడుతుంది. "పట్టుకోండి, గట్టిగా పట్టుకోండి" అంటుంది. ఆయన కళ్ళు పక్కకి తిప్పుకుంటాడు. బండితో ఒక్క తాళంచెవే వస్తే, లెక్క అయ్యాక వెనక్కి తెచ్చుకుంటుంది. రెండు వస్తే ఒకటి సాయంత్రం దాకా ఆ చేతిలోనే ఉంచేస్తుంది.

శుక్రవారం శుక్రవారం వ్యాయామం చేయించడానికి ఒకావిడ వస్తుంది. మంచి మనిషే, కాని మాట కత్తిరించినట్టు ఉంటుంది. పోయినవారం వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి వదినతో చెప్పింది.

"కుడి చేత్తో ఇంక లాభం లేదనిపిస్తోందమ్మా. వచ్చే శుక్రవారం ఒక్కసారి చూస్తాను. ఒక్క వేలైనా కదలకపోతే పట్టీ తెచ్చి ఆ చెయ్యి కట్టేస్తాను. ఎడమ చేత్తోనే అన్నీ నేర్పుదాం. ఆయనకీ విసుగు తగ్గుతుంది."

వదిన సరేనంది. వదిన సరేనందంటే ఒప్పుకున్నట్టు కాదని నాకు తెలుసు, పాపం ఆ వచ్చినావిడకి తెలియదు. పైన అన్నయ్య అంతా విన్నాడు. నేను వెళ్ళేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పిలిస్తే పలకలేడు సరే, కనీసం తిరగను కూడా తిరగలేదు.

సోమవారం పళ్ళ డాక్టరు గారి కారు వచ్చింది. పైకప్పు మడిచి వెనక పెట్టెలో దాచుకునే రకం. మనిషి చూస్తే బహు గంభీరం, కారు మాత్రం మహా షోకు. ఎడమవైపు అద్దం పూర్తిగా ఎక్కట్లేదని, పైన వేలెడు సందు మిగిలిపోయి కారు కడిగినప్పుడల్లా సీటు తడుస్తోందని ఆయన ఫిర్యాదు. తాళంచెవులు రెండూ ఇచ్చారు. వదిన ఒకటి పైకి తీసుకెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టి, పది లెక్కపెట్టి వచ్చింది.

ఈ కార్ల తలుపుల్లో అద్దం చుట్టూ చట్రం ఉండదు. తలుపు తీయగానే అద్దం కొంచెం కిందికి జారుతుంది, వేయగానే పైకెక్కి కప్పు అంచున ఉన్న రబ్బరులో కూర్చుంటుంది. పొడుగాటి మనిషి పొట్టి గుమ్మంలోంచి తల వంచుకుని వచ్చి మళ్ళీ నిటారుగా నిలబడ్డట్టు. వదిన అద్దం వంక చూసి ఒక్కటే అడిగింది.

"ఈమధ్య బ్యాటరీ మార్చారా డాక్టరు గారూ?"

"మార్చానమ్మా. పది రోజులైంది."

"అదే సంగతి. బ్యాటరీ తీసేసరికి ఎంతవరకూ ఎక్కాలో ఇది మర్చిపోయింది. మళ్ళీ నేర్పాలి, అంతే."

స్విచ్చి పైకి లాగి పట్టుకుంది. అద్దం ఆగిపోయినా వదల్లేదు. ఒకటి, రెండు అంటూ పది దాకా లెక్కపెట్టింది. తలుపులో టిక్కుమని చిన్న చప్పుడైంది. తర్వాత అద్దం బుద్ధిగా రబ్బరు దాకా వెళ్ళి కూర్చుంది. డాక్టరు గారు సంబరపడిపోయి, మిగతావి కూడా తీరిగ్గా చూడమని, శుక్రవారం వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళిపోయారు.

అసలు కథ అప్పుడు మొదలైంది. ఆ మధ్యాహ్నం భోంచేసి వచ్చి చూస్తే కారుకున్న నాలుగు అద్దాలూ, ముందువి రెండూ వెనక చిన్నవి రెండూ, తలా రెండు వేళ్ళు కిందికి దిగి ఉన్నాయి.

"నువ్వు దించావా వదినా?"

"నేనెందుకు దించుతాను? నువ్వే దేనికో చెయ్యి తగిలించి ఉంటావు."

మళ్ళీ ఎక్కించింది. సాయంత్రం మళ్ళీ రెండు వేళ్ళు. వదిన గోడ మీద నల్లబల్ల తుడిచి, సుద్దముక్కతో "సోమవారం, రెండు వేళ్ళు" అని రాసుకుంది. ఆవిడకి కొలబద్ద అంటే వేళ్ళే.

మంగళవారం ఆవిడకి తన మీదే అనుమానం వచ్చింది. ఇలాంటి కార్లకి తాళంచెవి మీద బటన్ ఉంటుంది. దూరం నుంచే దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే అద్దాలన్నీ దిగుతాయి, వదిలేస్తే ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఎండలో పెట్టిన కారులోంచి వేడి పోవడానికి ఆ ఏర్పాటు. వంగినప్పుడు జేబులో ఉన్న తాళంచెవి నొక్కుకుపోతోందేమోనని, దాన్ని తీసి రేకు డబ్బాలో పెట్టి మూత బిగించింది. గంట తిరక్కుండా అద్దాలు దిగాయి. ఈసారి నాలుగు వేళ్ళు.

"నాలుగు మోటార్లు కూడబలుక్కుని ఒకేసారి చెడిపోవు. తప్పు వీటిది కాదు, ఎవరో వీటికి హుకుం జారీ చేస్తున్నారు," అంది.

ఆ ఎవరో ఎవరని పొద్దుగూకేదాకా వెతికింది. తలుపుకీ బండికీ మధ్య తీగలు వెళ్ళే రబ్బరు గొట్టం విప్పింది, తీగలు ఒక్కటీ తెగలేదు. స్విచ్చిల పలక ఊడదీసి ముక్కుతో వాసన చూసింది, తడి లేదు, మాడిన వాసన లేదు. తను లోపల కూర్చున్నంతసేపూ అద్దాలు కిక్కురుమనవు. ఇవతలికి వచ్చి వీపు తిప్పిందో లేదో, జర్రుమని దిగుతాయి.

బుధవారం సగానికి దిగాయి. ఆ సందులోంచి వీధి పిల్లి లోపలికి దూరి, తెల్లటి తోలు సీటు మీద కాళ్ళు బారజాపుకుని పడుకుంది. సరిగ్గా అప్పుడే డాక్టరు గారు దారిన పోతూ తొంగిచూశారు. "ఒక జబ్బుతో తెస్తే రెండు జబ్బులు చేశారేమిటమ్మా?" అన్నారు. వదిన తల దించుకుంది. వదిన తల దించుకోవడం నేను ఆ షెడ్డులో ఎప్పుడూ చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం చివరికి ఇంట్లోవాళ్ళ మీదే చూపిస్తాం కదా, నేనూ అదే చేశాను. డాక్టరు గారు వెళ్ళగానే వాకిట్లో నిలబడి అరిచాను.

"నీ మనసు పని మీద లేదు వదినా! పొద్దున లేచి పైకెళ్ళి చచ్చుబడిన చేతికి తాళాలు అప్పగించి, అంకెలు చదువుకుంటూ కూర్చుంటే కింద కారు ఎలా బాగవుతుంది? ఆ చేతిలో పెట్టినా ఒకటే, గోడకి తగిలించినా ఒకటే!"

నా గొంతు సంగతి ముందే చెప్పాను. పైన కిటికీ బార్లా తెరిచి ఉంది. ఆ మాట నోట్లోంచి జారాక దాన్ని మళ్ళీ మింగేసే దారి ఉంటే ఎంత బాగుండునో. వదిన ఒకసారి కిటికీ వంక చూసింది, ఒకసారి నా వంక చూసింది.

"అన్నం తిను పో," అంది.

తిన్నాను. ఏం తిన్నానో తెలియదు. ఆ పూట పైకి వెళ్ళి అన్నయ్య మొహం చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

గురువారం పదకొండు గంటలకి నేను కారుకి ఎదురుగా కూర్చుని సుత్తితో ఒక మడ్‌గార్డు సొట్ట తీస్తున్నాను. వదిన బల్ల మీద వేరే కారు తలుపు మోటారు ఒకటి విప్పుకుని కూర్చుంది. జర్రున నాలుగు అద్దాలూ మొత్తం దిగిపోయాయి, అంచు కూడా కనబడకుండా.

"అదిగో, మళ్ళీ లైటు వెలిగింది, మళ్ళీ దిగాయి. ఈసారి పూర్తిగా!" అన్నాను.

వదిన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "ఏ లైటు?"

"మలుపు తిరిగేటప్పుడు కొట్టుకునే లైట్లు. దిగే ముందు ఒకసారి మెరుస్తాయి కదా."

"ఎప్పటినుంచి?"

"మంగళవారం నుంచీ చూస్తూనే ఉన్నాను. నీకు తెలుసనుకున్నా."

"నాకు తెలుసనుకున్నావా! నేను వీపు తిప్పినప్పుడు వెలిగే లైటు నాకెలా తెలుస్తుందయ్యా? నోరు చూస్తే ఊరంత, చెప్పాల్సిన మాట మాత్రం బయటికి రాదు!" అంది. అంటూనే లేచి వెళ్ళి రేకు డబ్బా మూత తీసింది. తాళంచెవి అందులోనే ఉంది. "తీగ దోషమైతే లైటు వెలగదు. తాళంచెవి చెబితేనే వెలుగుతుంది," అంది నెమ్మదిగా.

"అయితే రెండోది డాక్టరు గారి దగ్గర ఉందేమో. ఆటలాడుతున్నారేమో ఆయన!"

"ఆయన రెండూ మనకే ఇచ్చారు."

నాది కొంచెం మందపు బుర్ర, దిగడానికి టైము పట్టింది. దిగాక తలెత్తి పై కిటికీ వంక చూశాను. ఎనిమిది నెలలుగా ఆ చేతిలో పెట్టిన తాళంచెవిని మేమెవ్వరం లెక్కలోకే తీసుకోలేదు. నేను తీసుకోలేదంటే సరే. రోజూ తన చేత్తో పెట్టి వస్తున్న మనిషి కూడా తీసుకోలేదు.

వదిన నల్లబల్ల దగ్గరికి వెళ్ళింది. సోమవారం, రెండు వేళ్ళు. మంగళవారం, నాలుగు వేళ్ళు. బుధవారం, సగం. ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదివింది. రోజురోజుకీ కారు జబ్బు ముదురుతోందని రాసుకున్న రాత అది. వెనక్కి నడిచి ముక్కాలి పీట మీద కూలబడింది. అన్నయ్య పడిపోయాక ఆ పీట మీద ఎవరూ కూర్చోలేదు. మొహం కొంగుతో కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

"మొదలవడానికే మూడు సెకన్లు నొక్కాలి. పూర్తిగా దిగడానికి ఇంకో నాలుగు. ఏడు సెకన్లయ్యా. ఆ బొటనవేలు ఏడు సెకన్లు..." అంది కొంగు చాటునుంచే.

నేను మెట్ల వైపు పరిగెత్తబోయాను. చొక్కా పట్టుకుని ఆపింది.

"వద్దు. చూస్తే బిగుసుకుపోతుంది ఆ చెయ్యి. ఎనిమిది నెలలు ఎదురుగా కూర్చుని, ఆ చేతిని గుచ్చి గుచ్చి చూస్తూ లెక్కపెట్టాను. నేను చూడకుండా ఉండాల్సింది."

కళ్ళు తుడుచుకుని వాకిట్లోకి నడిచింది. కిటికీకి వీపు పెట్టి, కారు వైపు తిరిగి నిలబడింది.

"ఏమండీ," అంది, పైకి వినబడేలా. "దొరికింది."

పైన మంచం కిర్రుమంది.

"నాలుగు రోజులు పట్టింది. ఫ్యూజుకి ప్లాస్టిక్ చుట్టినప్పుడే నయం, ఒక్క పూటలో పట్టుకున్నాను. ఇంత మొద్దుని అయిపోయానని మీరు నవ్వుకుంటూ ఉంటారు."

నేను రేకు చూరు కిందనుంచి దొంగచాటుగా చూశాను. అన్నయ్య దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి చంకలో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు రోడ్డు వైపు చూస్తున్నాడు. ఎన్నేళ్ళయిందో ఆ మొహం చూసి. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

"సరే, దించడం వచ్చింది. ఎక్కించండి, చూద్దాం," అంది వదిన.

ఎక్కించే బటన్ వేరు. బొటనవేలు ఒకచోటు నుంచి ఇంకోచోటుకి జరగాలి, జరిగాక నొక్కాలి, నొక్కి పట్టుకోవాలి. వదిన తలుపుకి చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. ఎవరూ చెప్పకుండానే నేను సుత్తి కింద పెట్టాను. రోడ్డు మీద ఒక బస్సు వెళ్ళింది, ఇంకో బస్సు వెళ్ళింది. ఏమీ లేదు. ఇంక చాల్లే వదినా అనబోయాను.

అద్దాలు కదిలాయి. రెండు వేళ్ళు పైకి వచ్చి ఆగిపోయాయి. చాలాసేపు అలాగే ఉన్నాయి. మళ్ళీ కదిలి ఇంకో రెండు వేళ్ళు ఎక్కాయి. వదిన కళ్ళు తెరవలేదు, వెనక్కి తిరగలేదు. సగం దగ్గర ఆగినప్పుడు పైనుంచి గట్టిగా ఊపిరి తీసుకున్న చప్పుడు నాకు వినిపించింది. వదినకీ వినిపించే ఉంటుంది, ఆవిడ పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. ఎనిమిది దగ్గర అద్దం మళ్ళీ బయల్దేరింది. ఆగుతూ, ఎక్కుతూ, ఆగుతూ, చివరికి నాలుగూ రబ్బరులో కూర్చున్నాయి.

సాయంత్రం టీ పట్టుకుని నేనే పైకి వెళ్ళాను. మంచం కోళ్ళ దగ్గర కూర్చున్నాను. "అన్నయ్యా, నిన్న నేనన్న మాట..." అన్నాను. మాట లేని మనిషి ముందు, మాట ఉండీ రాక కూర్చున్నాను. ఆయన నన్ను కాసేపు చూశాడు. తర్వాత, నేను చూస్తుండగానే, ఆ బొటనవేలు మెల్లగా వంగి బటన్ మీద ఒక్క క్షణం ఆనింది. కింద వాకిట్లో లైట్లు ఒకసారి వెలిగి ఆరిపోయాయి. పోనీలేరా అన్నాడని నేననుకున్నాను. అలా అనుకునే హక్కు నాకుందో లేదో తెలియదు.

శుక్రవారం వ్యాయామం చేయించే ఆవిడ పట్టీ సంచిలో పెట్టుకుని వచ్చింది. అప్పటికే డాక్టరు గారు కారు కోసం వచ్చి స్టీరింగు ముందు కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. వదిన ఆవిడని మెట్లెక్కనివ్వలేదు. కారు తలుపు తీసి ఆయన పక్క సీట్లో కూర్చోబెట్టింది.

"ఒక్క నిమిషం ఈ అద్దం వైపు చూస్తూ ఉండండి," అంది.

ఆవిడ విసుగ్గానే చూసింది. లైట్లు మెరిశాయి. అద్దాలు దిగడం మొదలెట్టాయి.

"అదేమిటమ్మా, వాటంతటవే దిగుతున్నాయి?" అంది ఆవిడ.

"వాటంతటవి కాదండీ," అంది వదిన.